పడకమంచం నుండి చెరువుగట్టు దాకా
(గుండెజబ్బు చికిత్స చరిత్రలో స్త్రీల స్థానం)

ఉగాది సంచికలో గుండెజబ్బుల గూర్చి వ్యాసమేమిటని పాఠక మహాశయులు నొసలు ముడివేయవద్దని మనవి. పంచాంగ శ్రవణంలో ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చెవులు నిక్కించి వింటాము. ఆరోగ్యపు ఆదాయవ్యయాలు కూడా ఏడాదికొకసారి చూచుకొనుట మంచిదే. అందులోనూ యీ వ్యాసం మన యింటి ఆడవారి పద్దును గూర్చినది. ఆ పద్దు రెండు వందల ఏళ్ళుగా సరిగా వ్రాయబడలేదు. ఎందుకు వ్రాయబడలేదో, యిప్పుడు ఎంతవరకు సరిచేసినారో చెప్పుటకే యీ ప్రయత్నం.

మన హొసకోటె పేరుకు కొత్త కోట, ఊరు మాత్రం పాతది. బెంగుళూరు నుండి పాత మద్రాసు రోడ్డున తూర్పుగా వస్తే, దక్షిణ పినాకిని దాపున, పెద్ద చెరువుతో యీ ఊరు ఎదురవుతుంది. మనం బ్రతుకుతెరువుకు వలస వచ్చినవారమే అయినా, కోలారు, హొసకోటె ప్రాంతాలలో తెలుగు పరాయి మాట కాదు. తెల్లవారుఝామున లేచి తిరిగేవారికి యిక్కడ రెండు రకాల జనం కనబడతారు. బెంగుళూరు నుండి కార్లలో వచ్చి వేడి బిర్యానీ కోసం వరుస కట్టేవారు ఒకరు. డాక్టరు చెప్పినాడని చెరువు వైపు చేతులూపుకుంటూ నడిచేవారు ఒకరు. రెండు జట్లలోనూ మగవారే ఎక్కువ. మొదటి జట్టుతో మనకిప్పుడు పని లేదు. రెండవ జట్టులో ఆడవారు ఎందుకు తక్కువ అన్నదే నా ప్రశ్న.

ఆ ప్రశ్న మా యింట్లోనే పుట్టినది. కొన్నేళ్ళ క్రితం మా బావగారికి గుండెపోటు వచ్చి, గుండె బలం తగ్గినది. ఆసుపత్రి నుండి పంపేటప్పుడు యిచ్చిన కాగితంలో మందుల కింద నడక కూడా వ్రాసినారు. మొదటి వారం యింతసేపు, రెండవ వారం యింతసేపు అని. ఆ కాగితాన్ని గోడకు అంటించి, ఆయన వెంట ఒక మనిషిని పంపి, మళ్ళీ మామూలు మనిషిని చేసుకున్నాము. తరువాత మా అక్కయ్యకు ఆయాసం, కాళ్ళవాపు వచ్చినవి. వేరొక ఆసుపత్రిలో చూపించగా గుండె బలహీనపడినదని చెప్పి మందులిచ్చినారు. ఆమె కాగితంలో నడక ఊసు లేదు. "రెస్టు తీసుకోండమ్మా" అన్నారు. ఇంటికి వచ్చిన మూడవనాటికే ఆమె పొయ్యి దగ్గర నిలబడి వున్నది. నడక మాట నేనెత్తితే, "నేను కూడా నడకకు పోతే, మీ బావ తిరిగొచ్చేసరికి కాఫీ ఎవరు కలుపుతార్రా?" అని నవ్వినది. మేమూ నవ్వినాము. తప్పు ఆసుపత్రిది మాత్రమే కాదు. ఆ కాగితం చూచి, యిందులో నడక ఏదని మేమెవ్వరమూ అడుగలేదు.

చరిత్రలోకి పోయేముందు జబ్బు సంగతి నాలుగు మాటలు. హార్టు ఫెయిల్యూరు అనగానే గుండె ఆగిపోయినదని చాలమంది భయపడతారు. ఆగిపోవుట కాదు. శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె అందించలేకపోవుట. ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నవి. గుండె కండరం నీరసించి రక్తాన్ని గట్టిగా నెట్టలేకపోవుట ఒకటి. నెట్టే బలం వున్నా కండరం బిరుసెక్కి సరిగా నిండకపోవుట రెండవది. మొదటిది మగవారిలో ఎక్కువ. రెండవది వయసు మళ్ళిన ఆడవారిలో, రక్తపోటు, మధుమేహం, స్థూలకాయం వున్నవారిలో ఎక్కువ. యీ భేదం గుర్తుంచుకోవాలి, ముందు అవసరమవుతుంది.

ఇటువంటి రోగిని కనిపెట్టి వుండి కొద్ది కొద్దిగా వ్యాయామం చేయించి, తిండి గూర్చీ మందుల గూర్చీ నేర్పి, మనసులో దిగులు తీర్చి, మళ్ళీ సంసారంలో నిలబెట్టే పద్ధతిని కార్డియాక్ రిహాబిలిటేషన్ అంటారు. గుండె బలహీనంగా వుంటే నడిపించుట ఏమిటని అనుమానం రావచ్చు. కండరం కదలాలంటే శక్తి కావాలి. ఆ శక్తి రహస్యాన్ని వెదకినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెల్లడించినారు. గుండె కండరమైనా, కాలి కండరమైనా ఆ ఏ.టి.పి. తోనే పనిచేస్తుంది. క్రమంగా నడిచే కాలు, వచ్చిన రక్తంలోని ప్రాణవాయువును బాగా వాడుకొనుట నేర్చుకుంటుంది. అప్పుడు అదే పనికి గుండె మీద బరువు తగ్గుతుంది. మంచం పట్టిన కాలు ఆ విద్య మరచిపోతుంది. ఇందులో ఆడకాలు, మగకాలు అన్న భేదం లేదు.

ఇక చరిత్ర. లండను వైద్యుడు విలియం హెబర్డెన్, నడిచేటప్పుడు రొమ్ము పట్టివేసే నొప్పిని వర్ణించి దానికి ఆంజైనా అని పేరు పెట్టినాడు. ఆ వ్యాసం 1772లో అచ్చయినది. ఆయన పోయిన తరువాత 1802లో వెలువడిన గ్రంథంలో రెండు విశేషాలున్నవి. ఒక రోగి రోజూ అరగంటసేపు కట్టెలు కోసే పని పెట్టుకొని దాదాపు నయమైపోయినాడట. గుండెజబ్బుకు వ్యాయామం మందు అన్న మాటకు యిది తొలి సాక్ష్యాలలో ఒకటి. రెండవ విశేషం రోగుల లెక్క. తాను చూచిన దాదాపు వందమందిలో ముగ్గురు స్త్రీలు, పన్నెండేళ్ళ పిల్లవాడొకడు, తక్కిన వారందరూ యాభై సమీపించిన లేక దాటిన మగవారు అని ఆయన వ్రాసినాడు. స్త్రీలకు ఆ నొప్పి తక్కువగా వచ్చేదా, వచ్చినా వైద్యుని గుమ్మం తొక్కలేదా అన్నది ఆ లెక్కలో తేలదు. కాని గుండెజబ్బు అనగానే యాభై దాటిన మగవాని బొమ్మ వైద్యుల కళ్ళలో స్థిరపడినది.

1854లో డబ్లిను వైద్యుడు విలియం స్టోక్సు గుండెజబ్బుల మీద పెద్ద గ్రంథం వ్రాసి, కొందరు రోగులకు క్రమంగా పెంచుతూ నడక చేయించవచ్చునని చెప్పినాడు. ఆ మంచి మాట నిలువలేదు. 1912లో అమెరికా వైద్యుడు జేమ్సు హెర్రిక్, గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడి గుండెపోటు వచ్చినా మనిషి బ్రతుకవచ్చునని చూపి, పూర్తి విశ్రాంతి అవసరమన్నాడు. 1939లో బోస్టను వైద్యులు శవపరీక్షలు చేసి, దెబ్బతిన్న కండరం గట్టిమచ్చగా మారుటకు సుమారు ఆరు వారాలు పడుతుందని తేల్చినారు. ఇంకేమున్నది, ఆరు వారాలు మంచం దిగరాదన్నది శాసనమైనది. రోగికి నర్సు అన్నం తినిపించవలసినదే, పక్కకు ఒత్తిగిలాలన్నా ఒకరి సాయం కావలసినదే. కాళ్ళలో రక్తం గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు చేరి ప్రాణం పోయిన వారున్నారు.

ఆ శాసనాన్ని ధిక్కరించినది ఒక కుర్చీ. బోస్టనులో శామ్యూల్ లెవిన్, ఆయన శిష్యుడు బెర్నార్డు లౌన్ గుండెపోటు వచ్చిన 81 మందిని మొదటి రోజులలోనే మంచం దింపి కుర్చీలో కూర్చోబెట్టి, కీడు జరుగలేదని 1952లో ప్రకటించినారు. మరుసటి ఏడు లండనులో జెర్రీ మోరిసు బస్సు కార్మికుల లెక్క తీసినాడు. రోజంతా కూర్చొని బస్సు నడిపే డ్రైవర్లకంటె, రెండంతస్తుల బస్సులో రోజుకు వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ అని తేలినది. 1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరుకు గుండెపోటు వచ్చినప్పుడు, వైద్యుడు పాల్ డడ్లీ వైటు ఆయనను మూలన కూర్చోబెట్టలేదు. మళ్ళీ పనిలోకి, నడకలోకి, గోల్ఫు ఆటలోకి పంపినాడు. 1956లో ఆయన మళ్ళీ ఎన్నికైనాడు కూడా. గుండెపోటు వచ్చినవాడు పనికిరాని వాడు కాదన్న సంగతి ప్రపంచానికి అప్పుడు తెలిసినది.

ఆ తరువాత డాలసు నగరంలో యిరవై ఏళ్ళ ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను మూడు వారాలు పడుకోబెట్టి పరీక్షించినారు. ఫలితాలు 1968లో వెలువడినవి. ముప్పై ఏళ్ళ తరువాత ఆ అయిదుగురినే మళ్ళీ పరీక్షించగా, ముప్పై ఏళ్ళ వయసు చేసిన నష్టంకంటె ఆనాటి మూడు వారాల మంచం వారి దేహశక్తికి చేసిన నష్టమే ఎక్కువని తేలినది. పడకను మించిన ముసలితనం లేదన్నమాట.

ఇంతవరకు చదివిన సోదరీమణులు ఒక సంగతి గమనించే వుంటారు. కట్టెలు కోసినవాడు మగవాడు. బస్సు డ్రైవర్లు, కండక్టర్లు మగవారు. అధ్యక్షుడు మగవాడు. డాలసులో పడుకున్న అయిదుగురూ మగవారే. మళ్ళీ ఉద్యోగంలోకి పంపుట అన్నదే ఆనాటి రిహాబిలిటేషన్‌కు ముఖ్యమైన గురి. జీతం లేని యింటి ఉద్యోగం చేసే ఆడదానిని ఎక్కడికి తిరిగి పంపాలో ఎవరూ ఆలోచించలేదు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరిలో 1948లో మొదలైన పరిశీలనను మాత్రం మెచ్చుకోవాలి. అందులో చేరిన 5,209 మందిలో సగానికి పైగా స్త్రీలు. కాని 1982లో ఫలితాలు ప్రకటించిన మరొక పెద్ద హృద్రోగ నివారణ ప్రయోగంలో 12,866 మంది వుండగా, ఒక్క స్త్రీ అయినా లేదు. 1991లో డాక్టరు బెర్నడీన్ హీలీ అనే వైద్యురాలు యీ అన్యాయాన్ని వైద్య పత్రికలోనే ఎత్తిచూపినది. గుండెజబ్బు చికిత్స మగవారితో సమానంగా అందాలంటే స్త్రీ తనకూ మగవానివంటి జబ్బే వున్నదని ముందు నిరూపించుకోవలసి వస్తున్నదని ఆమె వాదన. ఆ ఏడే ఆమె అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు అధిపతి అయిన మొదటి స్త్రీ. 1993లో అక్కడ చట్టం వచ్చినది: ప్రభుత్వ ధనంతో మనుషుల మీద జరిగే పరిశోధనలలో స్త్రీలను చేర్చుకోవాలని.

హార్టు ఫెయిల్యూరు రోగుల వంతు యింకా ఆలస్యంగా వచ్చినది. గుండెపోటు వచ్చిన వారిని నడిపిస్తున్న రోజులలో కూడా, గుండె నీరసించిన వారికి వ్యాయామం కూడదనే అన్నారు. 1980 తరువాతనే ఆ భయం తగ్గసాగినది. 1999లో ఇటలీకి చెందిన బెలార్డినెల్లి బృందం 99 మంది మీద చేసిన ప్రయోగంలో వ్యాయామం వల్ల శక్తి పెరిగినది, ఆసుపత్రి పాలగుట తగ్గినది. అంతా శుభమే, కాని ఆ 99 మందిలో స్త్రీలు 11 మంది.

పెద్ద ప్రయోగం 2009లో ఫలితాలు చెప్పినది. దాని పేరు హెచ్.ఎఫ్. యాక్షన్. అమెరికా, కెనడా, ఫ్రాన్సు దేశాల 82 కేంద్రాలలో 2,331 మంది రోగులు చేరినారు. వారిలో సగానికి మామూలు చికిత్స. సగానికి అదనంగా 36 సార్లు కేంద్రంలో వ్యాయామం, ఆపైన యింటి వద్ద. వ్యాయామం భద్రమైనదేనని, కొద్దిపాటి మేలు వున్నదని అందులో తేలినది. ఇందులో స్త్రీలు 661 మంది, అనగా నూటికి 28. 2014లో డాక్టరు ఇలియానా పీన్యా, ఆమె సహచరులు స్త్రీ పురుషుల లెక్కలను వేరుచేసి చూచినారు. దేహశక్తి యిద్దరిలోనూ ఒకేవిధంగా పెరిగినది. కాని మరణం లేదా ఆసుపత్రిలో చేరుట అనే ప్రమాదం, వ్యాయామం చేసిన స్త్రీలలో నూటికి 26 వంతులు తగ్గగా, పురుషులలో చెప్పుకోదగినంత తగ్గలేదు. ఒక ప్రయోగపు లెక్కను విడదీసి చూచినందున దీనిని తుది తీర్పుగా తీసుకోరాదు. అయినా ఎవరిని రెండు వందల ఏళ్ళు పక్కన కూర్చోబెట్టినామో, వారికే మేలు ఎక్కువగా కనబడినదంటే ఆలోచించవలసిన విషయమే.

ఆ ప్రయోగంలో కూడా ఒక లోటు వున్నది. చేర్చుకున్నది మొదటి రకం జబ్బు వారిని మాత్రమే. ఆడవారిలో ఎక్కువగా వుండే బిరుసు గుండె రకం వారు అందులో లేరు. ఆ లోటును 2021లో మరొక ప్రయోగం కొంత తీర్చినది. జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరిన 349 మంది వృద్ధులు. సగటు వయసు సుమారు 73. సగానికి కొంచెం పైగా స్త్రీలే. రెండు రకాల జబ్బువారూ వున్నారు. వారికి ముందే గబగబా నడక నేర్పలేదు. కుర్చీలో నుండి చేతులు ఆనించకుండా లేచుట, తూలకుండా నిలుచుట, కాలి బలం, ఆ తరువాత నడక, యిలా మెట్టుమెట్టుగా పన్నెండు వారాలు చేయించినారు. లేచి నిలిచి నడిచే సామర్థ్యానికి 12 మార్కులు పెడితే, మూడు నెలలకు యీ శిక్షణ పొందినవారు 8.3, పొందనివారు 6.9 తెచ్చుకున్నారు. మళ్ళీ ఆసుపత్రిలో చేరుట మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. అయినా ఒకరి చేయి పట్టుకోకుండా స్నానాల గదికి పోగలుగుట ఎంత భాగ్యమో ముసలితల్లులున్న యిళ్ళకు చెప్పనక్కరలేదు.

ఇక మన దేశం మాట. 2013లో తిరువనంతపురం ఆసుపత్రులలో హార్టు ఫెయిల్యూరుతో చేరిన 1,205 మందిని నమోదు చేయగా, స్త్రీలు నూటికి 31. తరువాత దేశమంతటా 53 ఆసుపత్రులలో 10,851 మందిని నమోదు చేసిన జాతీయ పట్టికలో కూడా స్త్రీలు నూటికి 31. గుండెపోటు తరువాత యోగాభ్యాసంతో రిహాబిలిటేషన్ చేయించిన మన దేశపు ప్రయోగం 2020లో వెలువడినది. 24 ఆసుపత్రులు, 3,959 మంది. స్త్రీలు నూటికి 14. అయితే మన ఆడవారికి యీ జబ్బులు లేనే లేవా? గోదావరి జిల్లాల 45 గ్రామాలలో ఏడాదిపాటు యింటింటా విచారించి 1,354 మరణాలకు కారణాలు తేల్చిన పరిశీలన 2006లో అచ్చయినది. గుండె, రక్తనాళాల జబ్బులవల్ల పోయినవారు నూటికి 32. అన్ని కారణాలలోనూ అదే మొదటిది. పల్లెలలోనే అట్లా వుంటే, పట్టణం చేరి కూర్చొని పనిచేసే మన సంగతి వేరే చెప్పనేల?

ఆసుపత్రి దాకా వచ్చిన ఆడవారు కూడా వ్యాయామ కేంద్రం దాకా రారు. పలు దేశాల పరిశీలనలను కలిపి 2014లో తీసిన లెక్కలో, రిహాబిలిటేషన్‌లో చేరినవారు మగవారిలో నూటికి 45, ఆడవారిలో 38.5. కారణాలు మనకు తెలిసినవే. డాక్టరు ఆమెకు చీటీ వ్రాయడు. వ్రాసినా తీసుకుపోయేవారుండరు. మోకాళ్ళ నొప్పులు. నలుగురిలో చేతులూపుకుంటూ నడుచుటకు సిగ్గు. అన్నిటినీ మించి, యింట్లో ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చేసిపెట్టవలసిన బాధ్యత. హొసకోటె నుండి బెంగుళూరు పెద్దాసుపత్రికి వారానికి మూడు సార్లు, మూడు నెలలు పోవాలంటే 36 ప్రయాణాలు. రాకపోకలు కలిపితే 72 సార్లు కృష్ణరాజపురం రద్దీలో కూర్చోవాలి. మగవానికైతే పక్కన భార్య కూర్చుంటుంది. భార్యకు పక్కన ఎవరు?

"ఇంట్లో పని చేస్తూనే వున్నాము కదా, వేరే వ్యాయామమెందుకు" అని అమ్మలు అంటారు. లండను కండక్టరుకు పనే వ్యాయామమైనది కాబట్టి యీ మాటను కొట్టివేయరాదు. కాని అతడు జబ్బుపడక ముందు సంగతి అది. గుండె బలహీనమైన వారికి కావలసినది కొలత వున్న శ్రమ: కొంచెంతో మొదలై, ఎడతెగకుండా సాగి, వారం వారం పెరిగేది. ఇంటి పనికి కొలత లేదు. గంటసేపు నిలబెడుతుంది, ఒక్కసారిగా నిండుబిందె ఎత్తిస్తుంది, అలసిన పూట మానుకొనే వీలివ్వదు.

దూరం పోలేని వారికి దారి లేకపోలేదు. బ్రిటనులో 216 మంది హార్టు ఫెయిల్యూరు రోగులకు పన్నెండు వారాలు యింటివద్దనే, కుర్చీ వ్యాయామమో నడకో నేర్పి, యింట్లో చూచుకొనేవారికి కూడా శిక్షణ యిచ్చినారు. ఏడాది తరువాత కూడా వారి జీవితం మెరుగుగా వున్నది. విచిత్రమేమంటే, యింటివద్ద చేసే ఆ ప్రయోగంలో కూడా స్త్రీలు నూటికి 22 మందే. గుమ్మం దాటించకపోయినా ఆమెను లెక్కలోకి తెచ్చుట కష్టమైనదన్నమాట. కాబట్టి దారి ఒక్కటే చాలదు, యింటిల్లిపాదీ పూనుకోవాలి.

పూనుకొనుట ఎట్లా? డాక్టరు దగ్గర నుండి లేచేముందు, "మా అమ్మ ఎంతసేపు నడవవచ్చును? ఏ వారం ఎంత పెంచాలి?" అని అడిగి వ్రాయించుకోవాలి. గుండె బలాన్నిబట్టి ఆ కొలత చెప్పవలసినది వైద్యుడే, మనం ఊహించరాదు. మాటలాడగలిగేంత వేగమే మంచి వేగం. మాట తెగిపోతే తగ్గించాలి. రొమ్ము నొప్పి, తలతిరుగుట వస్తే ఆపాలి. పడుకుంటే ఆయాసం వచ్చినా, రెండు మూడు రోజులలో రెండు కిలోల బరువు పెరిగినా, కాళ్ళు వాచినా నడక మాని వైద్యుని చూడాలి. నడిచే ఆ అరగంటా పొయ్యి బాధ్యత మరొకరు తీసుకోవాలి. మాత్రలు వేళకు యిచ్చినంత శ్రద్ధగా ఆ అరగంటనూ యివ్వాలి.

మా అక్కయ్య కాగితంలో యిప్పుడు నడక వున్నది. మళ్ళీ వెళ్ళి అడిగి వ్రాయించుకున్నాము. మొదటి వారం ఆమె వీథి చివరి దాకా పోయి వచ్చినది. ఇప్పుడు చెరువు దాకా పోతున్నది. కాఫీ బావగారే కలుపుతున్నారు. చక్కెర ఎక్కువ వేస్తున్నారని ఆమె ఫిర్యాదు.

మన సంఘం పెద్దలకు ఒక విన్నపంతో ముగిస్తాను. ప్రతి ఉగాదికి ముగ్గుల పోటీలు, పాటల పోటీలు పెడుతున్నాము, సంతోషమే. ఈ ఏడు ఆదివారం ఉదయం చెరువు వైపు ఆడవారి నడక జట్టు ఒకటి ఏర్పాటు చేయండి. తోడు వుంటే సిగ్గు పోతుంది, భయం పోతుంది. హెబర్డెన్ పుస్తకంలో వందమందిలో ముగ్గురుగా మిగిలిన ఆడవారు, మన హొసకోటె చెరువు దారిలోనైనా సరిసమానంగా కనబడాలి. సభ్యులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.